గేటు మూల నీడ

జూన్ 12, గురువారం

మొక్కలు నాటడానికి కూడా మీటింగులట.

మున్సిపల్ ఆఫీసు నుంచి రమ్య అనే అమ్మాయి వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో. చంకలో చుట్టిన మ్యాపు, ఎండకి కందిపోయిన మొహం. వానలు పడగానే మన వైపుకి మూడు వందల మొక్కలు ఇస్తారట. ఏది ఎక్కడ పెట్టాలో ఆఫీసు చెప్పదట. ఇక్కడ ఉండేవాళ్ళే కూర్చుని, మ్యాపు మీద గుర్తులు పెట్టి, సంతకాలు చేసి ఇవ్వాలట.

"ఎవరినీ అడక్కుండా పెట్టిన మొక్కకి ఎవరూ నీళ్ళు పొయ్యరు మేడమ్" అంది.

మాట బాగానే ఉంది. కానీ ఈ కాలనీ వాళ్ళ సంగతి ఆ పిల్లకి తెలియదు. ప్రెసిడెంటు బసవపున్నారావు నన్ను కమిటీలో వేశాడు. "మీకు చెట్ల సంగతి తెలుసు కదండీ" అన్నాడు పళ్ళికిలించి. తెలియకేం. ఈ రసాల ఎన్‌క్లేవ్ మొత్తం మా పద్దెనిమిది ఎకరాల మామిడి తోటే. ఇప్పుడు మా కాంపౌండులో ఉన్నది తప్ప ఒక్క రసాల చెట్టు లేదు. పేరు మాత్రం ఆర్చి మీద వేయిస్తారట.

తోట మేం కొట్టలేదు. అమ్మాం. కొన్నవాళ్ళు కొట్టారు.

జూన్ 15, ఆదివారం

మీటింగు. నలభై మంది వచ్చారు. సమోసాలున్నాయని తెలిసి వచ్చారు.

"ఆకులు రాలని చెట్టు ఏదైనా ఉందా అండీ?" అని మొదలుపెట్టింది రోజా. ఎదురింటావిడ. బీఎస్సీ బాటనీ అని చెప్పుకుంటుంది.

కిషోర్ బాబుకి తూర్పు వైపు ఏదీ ఉండకూడదు, వాస్తు. ఇంకొకాయనకి నేరేడు వద్దు, కారు మీద మరకలు పడతాయి. వేప వద్దు, పూత రాలుతుంది. కానుగ వద్దు, వేర్లు గోడ పగలగొడతాయి. పక్షులొస్తాయి, రెట్టలేస్తాయి. కెమెరాకి అడ్డం. కరెంటు తీగలకి అడ్డం. పార్కింగుకి అడ్డం. ప్రతివాడికీ చెట్టు కావాలి, పక్కవాడి ఇంటి ముందు కావాలి.

చివరికి అందరికీ నచ్చినవి పామ్ చెట్లు. "ఎయిర్‌పోర్టు దగ్గర ఉంటాయి చూడండి, తెల్లటి కాండం, పైన జుట్టు. అలాంటివి."

"వాటికి నీడ ఉండదు కదండీ" అన్నాను.

"నీడ ఎందుకండీ పుష్పవతిగారూ, అందరికీ ఏసీలున్నాయిగా" అన్నాడు బసవపున్నారావు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అప్పుడు రమ్య లేచి నిలబడింది. "గోడ వెనక పేటలో అరవై ఇళ్ళున్నాయి సార్. ఈ రోడ్డు వాళ్ళది కూడా. వాళ్ళు లేకుండా మీటింగు పూర్తయినట్టు రాయలేను."

ఇద్దరు ముగ్గురు ఇంకో సమోసా తీసుకున్నారు.

"వాళ్ళకి పనులుంటాయమ్మా. వాళ్ళ అభిప్రాయం మేం కనుక్కుంటాం" అన్నాడు ప్రెసిడెంటు. అందరూ నా వైపు చూశారు. ఆ పేటలో సగం మంది మా తోటలో పనిచేసినవాళ్ళే మరి.

జూన్ 16

పచ్చదనం గురించి రెండు గంటలు మాట్లాడినవాళ్ళు పేపరు ప్లేట్లు కిటికీలోంచి విసిరేసి పోయారు. పొద్దున పందులు నాకుతున్నాయి.

జూన్ 18, బుధవారం

రమ్యతో పేటకి వెళ్ళాను. గోడ కట్టాక ఆ వైపు అడుగు పెట్టడం ఇదే మొదటిసారి. సరోజ ఇంట్లో కూర్చున్నాం. పదహారేళ్ళ పిల్లగా అత్త సీతమ్మ వెంట మా తోటలోకి వచ్చింది. ఇరవై ఏళ్ళు కాయ గ్రేడింగు చేసింది. ఆమె మొగుడు గంగరాజు కాయ కోసే చిక్కం కర్ర పట్టుకుంటే కాయ నేల తగిలేది కాదు. ఇప్పుడు జి. కొండూరు, విస్సన్నపేట తోటలకి ట్రాలీ ఆటోలో పోతున్నారు.

రమ్య మ్యాపు మంచం మీద పరిచింది. సరోజ వేలు పెట్టి చూసింది.

"ఇదేంటండీ, మన మోటారు షెడ్డా?"

"క్లబ్ హౌస్" అన్నాను.

"అదేనండీ, షెడ్డు ఉన్న చోటే. అయితే ఇక్కడ కలెక్టరు కాయ చెట్లు ఆరు. ఇటు చిన్న రసాల వరస. ఇది ఉయ్యాల కట్టేవాళ్ళం చూడండి, ఆ చెట్టు..."

మ్యాపులో లేని చెట్ల మీదుగా ఆమె వేలు నడుస్తూనే ఉంది. రమ్య ఆశ్చర్యంగా చూస్తోంది. "మొక్కలు ఎక్కడ కావాలో చెప్పు సరోజా" అన్నాను. గట్టిగానే అన్నానేమో.

వేలు కాలనీ గేటు బయటి మూల మీద ఆగింది. "ఇక్కడండీ. మేం బండి కోసం నిలబడే చోటు. నాలుగు కానుగలు చాలు. దట్టంగా పెరుగుద్ది, మేకలు ముట్టవు. నీళ్ళు మేం పోసుకుంటాం."

"అమ్మ పడిపోయింది అక్కడే" అన్నాడు గంగరాజు, గుమ్మంలో నిలబడి.

గోడ మీద సీతమ్మ ఫోటో ఉంది. మే పద్నాలుగున మధ్యాహ్నం, రెండో పూట పనికి వెళ్ళే బండి గంటన్నర ఆలస్యమైంది. ఎండదెబ్బ. మర్నాడు ఆసుపత్రిలో పోయింది. నాకు తెలుసు. మనిషి చేత బియ్యం పంపించాను కూడా.

"ఆ మూల మీకే రాయిస్తాను, నాదీ పూచీ" అన్నాను. సరోజ నా మొహంలోకి చూసింది. "మీరు చెప్తే అవుద్దండీ అమ్మగారూ."

ఆ రోజు మధ్యాహ్నం నేను నిద్రపోతున్నాను.

జూన్ 19

మే నెలలో ఒంటిగంటకి ఎవరు మేలుకుని ఉంటారు? నిద్రపోతున్నాను.

జూన్ 29, ఆదివారం

రెండో మీటింగు. ఈసారి పకోడీలు.

గేటు మూల గురించి చెప్పాను. నా వంతు నేను చెప్పాను. అది మాత్రం నిజం.

"నాలుగు కానుగలు పెరిగాయనుకోండి, పొద్దస్తమానం వాళ్ళు అక్కడే కూర్చుంటారు. క్యారియర్లు, బీడీలు, ఉమ్ములు. అది మన ఎంట్రన్స్ అండీ!" అన్నాడు కిషోర్ బాబు. ఆ మాట అన్నవాడు అప్పుడే పకోడీ నూనె చెయ్యి కుర్చీ కవరుకి తుడిచాడు.

రోజా అక్కడ పచ్చిక వేసి, రెండు వైపులా పామ్ చెట్లు పెట్టి, మధ్యలో సెల్ఫీ పాయింటు కట్టాలంది. చప్పట్లు.

మా ఆయన లేచాడు. మీటింగులకి ఎప్పుడూ రాని మనిషి. "గేటు పక్క మూడు ప్లాట్లు మావి ఇంకా అమ్ముడుపోలేదు. వచ్చినవాళ్ళకి ముందు కనపడేది ఆ మూలే. కొంచెం ఆలోచించండి" అని కూర్చున్నాడు. అంతే. చేతులెత్తమన్నారు. అందరూ ఎత్తారు.

నేనూ ఎత్తాను. పక్కన ఆయన కూర్చుని ఉండగా ఎలా ఎత్తకుండా ఉంటాను? తర్వాత రమ్యతో మాట్లాడి సర్దవచ్చు అనుకున్నాను.

ఇంటికొచ్చాక ఆయన, "పేట వాళ్ళ సంతకాలు కూడా కావాలట ఆ పిల్లకి. నువ్వు అడిగితే పెడతారు" అన్నాడు.

జూలై 2, బుధవారం

నలభై ఎనిమిది సంతకాలు, పదకొండు వేలిముద్రలు.

కాగితం పై సగం ఖాళీగా ఉంది. మ్యాటరు తర్వాత టైపు చేయిస్తానన్నాడు బసవపున్నారావు. అన్ని ఆఫీసుల్లోనూ అలాగే చేస్తారు.

"కానుగ మొక్కలకేనా అమ్మగారూ?" అంది సరోజ.

"ఆఁ, మొక్కలకే."

అబద్ధం కాదు. పామ్ కూడా మొక్కే.

పేట మొత్తం ఆమే తిప్పింది నన్ను. ప్రతి గుమ్మం దగ్గరా "అమ్మగారు వచ్చారు, సంతకం పెట్టండి" అంది. ఎవరూ చదవలేదు. చదవడానికి ఏముంది గనక.

జూలై 3

సంతకాలు తీసుకోవడం తప్పేమీ కాదు.

జూలై 9, బుధవారం

రమ్య ఫోన్ చేసింది. కాగితం ముందు పెట్టుకుని చదివింది. "గేటు మూలలో పచ్చిక, పామ్ మొక్కలు ఏర్పాటు చేయుటకు పేట వాసులమైన మేము పూర్తిగా సమ్మతిస్తున్నాము. మా బండి ఆగు చోటును కాలవ అవతలి రోడ్డుకు మార్చుకొనుటకు మాకు అభ్యంతరము లేదు."

"ఇది వాళ్ళ మాటేనా మేడమ్? ఆ రోజు సరోజగారు వేరేలా చెప్పారు కదా?"

కాలవ అవతలి రోడ్డు మీద పిట్ట కూర్చోవడానికి కూడా చెట్టు లేదు.

"వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుని మార్చుకున్నారమ్మా" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. గొంతు కూడా తడబడలేదు.

"మీరు చెప్తున్నారు కాబట్టి నమ్ముతున్నాను" అంది.

తర్వాత చెయ్యి కడుక్కున్నాను. ఫోను పట్టుకున్న చెయ్యి.

జూలై 17, గురువారం

గేటు మూల గుంతలు తవ్వుతున్నారు. పనికి పిలిచింది ఎవరిని? గంగరాజుని. వాళ్ళమ్మ పడిపోయిన చోట గునపం వేస్తున్నాడు. నేను పాల ప్యాకెట్టుకి వెళ్తుంటే సరోజ ఎదురొచ్చింది, టీ ఫ్లాస్కుతో.

"నాలుగు గుంతలు తవ్వమన్నారమ్మగారూ. ఈయన మూరెడు ఎక్కువే లోతు తీస్తున్నాడు, వేరు బాగా దిగుద్దని. మొక్కలు ఎప్పుడొస్తాయండీ?"

"వస్తాయి. రెండు రోజుల్లో" అన్నాను.

గంగరాజు తువ్వాలుతో మొహం తుడుచుకుని నాకు నమస్కారం పెట్టాడు.

జూలై 20, ఆదివారం

మొక్కల పండగ. షామియానా, మైకు, డ్రోను కెమెరా. ఒక్కొక్క మొక్క చుట్టూ పదిమంది చేతులు పెట్టి ఫోటోలు. ఫోటో అయ్యాక మట్టి వెయ్యడానికి పనివాళ్ళు.

లారీలోంచి పామ్ మొక్కలు దించుతుంటే సరోజ జనం వెనక నిలబడి ఉంది. కేకలెయ్యలేదు. గుంత దగ్గరికి వచ్చి, దించిన మొక్కని పైనుంచి కిందికి ఒకసారి చూసింది. తర్వాత నన్ను అడిగింది, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది.

"ఇవి ఎంత నీడిస్తాయండీ?"

నేను చీర కొంగు సర్దుకున్నాను.

అప్పుడే మైకులో నా పేరు పిలిచారు. కాలనీనీ, పేటనీ కలిపి ఒక్క మాట మీదకి తెచ్చినందుకట. బసవపున్నారావు శాలువా కప్పాడు. రోజా మొమెంటో ఇచ్చింది. "హరిత మహిళ" అని బంగారు అక్షరాలు. తల వంచి కప్పించుకున్నాను. కెమెరా వైపు చూడమంటే చూశాను. నవ్వమంటే నవ్వాను.

గంగరాజు తవ్విన గుంతలో పామ్ మొక్క మరీ లోతుకి దిగిపోయింది. "ఎవడయ్యా ఇంత లోతు తీసింది?" అని మేస్త్రి తిట్టాడు.

జూలై 21, సోమవారం

నేను నిద్రపోలేదు.

ఇంట్లో ఎవరూ లేరు. తలుపేసుకుని రాస్తున్నాను. మే పద్నాలుగున మధ్యాహ్నం రెండింటికి ప్లాట్లు చూడటానికి విజయవాడ నుంచి కొనేవాళ్ళొస్తారని ఆయన చెప్పి వెళ్ళాడు. మా ఇల్లు కాలనీ గేటుని ఆనుకునే కదా, నేను బాల్కనీలో నిలబడి చూస్తున్నాను. మా మామిడి కొమ్మ గోడ దాటి బయటికి వాలుతుంది. దాని నీడలో, మా గేటు పక్కన, సీతమ్మ వచ్చి కూర్చుంది. ఒకావిడే. తల గోడకి ఆనించింది.

"సీతమ్మా, ఇక్కడ కూర్చోకు. లే" అన్నాను పైనుంచి.

"కాసేపమ్మా. కళ్ళు తిరుగుతున్నాయి."

"నిన్ను చూసి అందరూ వచ్చి కూర్చుంటారు. బండి వచ్చేస్తుందిలే, లే."

నీళ్ళు అడిగిందా? అడిగింది. కాసిని నీళ్ళిప్పించమంది. పనిమనిషి వెళ్ళిపోయింది, నేను కిందికి దిగాలి. మోకాళ్ళ నొప్పి. దిగలేదు. ఆమె గోడ పట్టుకుని లేచింది, మూల వైపు నడిచింది. నేను లోపలికి వచ్చి ఏసీ వేసుకున్నాను. బయట అరుపులు వినపడ్డాయి. టీవీ సౌండు పెంచాను.

ఆ చెట్టు కాయలు ముప్పై ఏళ్ళు కోసింది ఆవిడ.

నెల రోజుల నుంచి కాలనీ వాళ్ళని తిట్టుకుంటూ పేజీలు నింపాను. వాళ్ళెవరూ ఒక మనిషిని నీడలోంచి లేపలేదు.

జూలై 22, మంగళవారం

ఆఫీసుకి వెళ్ళాను. రమ్య దగ్గర కాగితం తీసుకుని రాశాను. పేట వాళ్ళ సంతకాలు కానుగ మొక్కలకని చెప్పి ఖాళీ కాగితం మీద నేనే తీసుకున్నాను, పైన టైపు చేసిన విషయం వాళ్ళకి తెలియదు, నాకూ తెలియదు. చివరి ముక్క రాసి కొట్టేశాను. ఖాళీ కాగితం మీద ఏం రాస్తారో తెలియని వయసా నాది?

రమ్య మెచ్చుకుంటుందనుకున్నాను. నిజంగా అనుకున్నాను.

"నేను ఫోన్లో అడిగినప్పుడే చెప్పి ఉండాల్సింది మేడమ్" అంది. కళ్ళెత్తలేదు. "నేనూ మళ్ళీ పేటకి వెళ్ళి అడగాల్సింది. మీ మాట చాలనుకున్నాను. ఇప్పుడు అక్కడే మీటింగు పెడతాను. ఈ మాట మీరు వాళ్ళకి కూడా చెప్పాలి."

"కాగితం ఇచ్చాను కదమ్మా."

"కాగితం ఆఫీసుకండీ."

జూలై 24

ఆయన మాట్లాడటం మానేశాడు. మానేసే ముందు ఒకటే అన్నాడు. "శాలువా కప్పించుకున్న రెండు రోజులకే బుద్ధి వచ్చిందా?" మనిషిని అసహ్యించుకుందామని చూశాను. కుదరలేదు. అడిగింది సరైన మాటే.

బసవపున్నారావు గుమ్మంలోనే నిలబడి అరిచి వెళ్ళాడు. కాలనీ వాట్సాప్ గ్రూపులోంచి నన్ను తీసేశారు.

ఆగస్టు 3, ఆదివారం

అంగన్‌వాడీ వరండాలో మీటింగు. మొగవాళ్ళు, ఆడవాళ్ళు, వంద మంది దాకా. నాకు కుర్చీ వేశారు. కూర్చోలేకపోయాను. నిలబడే చెప్పాను. సంతకాల సంగతి అంతా చెప్పాను. ఎవరో వెనక నుంచి ఒక బూతు మాట అన్నారు. రమ్య వారించబోతే సరోజ చెయ్యి అడ్డం పెట్టింది.

"అది సరేనండీ. ఆ రోజు సంగతి కూడా చెప్పండి."

"ఏ రోజు?" అన్నాను. అప్పుడు కూడా!

వంద మంది నా వైపు చూస్తున్నారు. చెప్పాను. బాల్కనీ, కొమ్మ నీడ, నీళ్ళు, టీవీ. అన్నీ.

గంగరాజు లేచాడు. నా మీదకి వస్తాడనుకున్నాను. చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. వెనక్కి చూడలేదు.

"అత్త ఆసుపత్రిలో నాతో చెప్పిందండీ" అంది సరోజ. "ఈయనకి చెప్పలేదు నేను. చెప్తే ఏం చేస్తాడో అని భయం."

"తెలిసి కూడా నాతో గుమ్మం గుమ్మం తిరిగావా? సంతకం ఎందుకు పెట్టావు సరోజా?"

"మొక్కలు కావాలి కదండీ."

అంతే. రమ్య వైపు తిరిగింది. "రాసుకోండి రమ్యగారూ. ఆ పామ్ మొక్కలు పీకి కాలనీ వాళ్ళకే ఇచ్చెయ్యండి, లోపల పెట్టుకుంటారు. మా మూలలో నాలుగు కానుగలు. కాలవ రోడ్డుకి పదిహేను. బళ్ళో రెండు నేరేళ్ళు, పిల్లలు తింటారు. నీళ్ళకి వంతులు రాయండి. గేటు దగ్గరి ఇళ్ళకి కూడా వంతులు వెయ్యాలి. సోమవారం మా ఇల్లు. మంగళవారం ఈవిడ."

ఈవిడ. ముప్పై ఏళ్ళలో సరోజ నన్ను అమ్మగారూ అని కాకుండా పిలవడం ఇదే మొదలు.

వచ్చేటప్పుడు ఎవరూ లేవలేదు.

ఆగస్టు 10, ఆదివారం

ఆఫీసు వాళ్ళు పామ్ మొక్కలు పీకించి కాలనీ లోపలికి పంపారు. మూలలో కానుగలు పెట్టారు. నన్ను పిలవలేదు. మేడ మీద నుంచి చూశాను. గంగరాజు గుంతలు మళ్ళీ తవ్వాడు. సరోజ మొక్కలు పట్టుకుంది. మైకు లేదు. పదిహేను నిమిషాల్లో అయిపోయింది.

ఆగస్టు 12, మంగళవారం

పొద్దున ఆరింటికి రెండు బకెట్లు మోసుకెళ్ళాను. పనిమనిషి తెస్తానంది, వద్దన్నాను. మోకాళ్ళు పట్టేశాయి. మూలలో ఇరవై మంది ఆడవాళ్ళు బండి కోసం నిలబడి ఉన్నారు. నేను వెళ్ళగానే మాటలు ఆపేశారు. పాదు చుట్టూ నెమ్మదిగా పోశాను, మట్టి కొట్టుకుపోకుండా. రోజా కారులో పోతూ అద్దం దించి చూసి, మళ్ళీ ఎత్తేసుకుంది.

ట్రాలీ ఆటో వచ్చింది. ఒక్కొక్కరే ఎక్కారు. సరోజ ఆఖర్న ఎక్కింది.

నీళ్ళు ఎప్పుడో అయిపోయాయి. ఖాళీ బకెట్లు పట్టుకుని ఇంకా అక్కడే నిలబడ్డాను, పోస్తుండగా సరోజ చూసిందో లేదో తెలుసుకోవాలని. ఆమె అటు తిరిగి ఎవరితోనో మాట్లాడుతోంది. బండి మలుపు తిరిగేదాకా చూశాను.

ఛీ.